గోడ కట్టిన ఉద్యోగి – నెహెమ్యా నేర్పే నాయకత్వం

నాయకుడు అనగానే మన కళ్ళముందు మెదిలేది ఒక మైకు, మెడలో దండ, వెనకాల జేజేలు కొట్టే పదిమంది. బైబిల్లో నాయకులెవరని అడిగినా అలాగే పెద్ద పెద్ద పేర్లు వినిపిస్తాయి. మోషే, దావీదు, కాస్త లోతుగా చదివినవాళ్ళయితే యోసేపు, దెబోరా. నెహెమ్యా పేరు చెప్పేవాళ్ళు బహు తక్కువ. కారణం లేకపోలేదు. ఆయన సముద్రాన్ని చీల్చలేదు. రాజుల కలలకు అర్థాలు చెప్పలేదు. వడిసెలతో రాయి విసిరి మహాకాయుణ్ణి పడగొట్టలేదు. ఆయన పేరున ఉన్న గ్రంథంలో అద్భుతమనదగింది ఒక్కటీ జరగదు. అందులో ఉన్నవల్లా ఒక ప్రభుత్వోద్యోగి, ఆయన పెట్టుకున్న సెలవు, కావలసిన సామాన్ల లెక్క, కూలిపోయిన గోడ, పనిచేసేవాళ్ళు, పని చెడగొట్టేవాళ్ళు, పని ఎగ్గొట్టేవాళ్ళు.

స్టూడెంట్స్ యూనియన్ సావనీరుకు ఇంతకంటె తగిన మనిషి నాకు తోచలేదు. మన దగ్గర కూడా అద్భుతాలు జరగవు కదా! ఉన్న మనుషులతో, ఉన్న వనరులతో నెట్టుకురావాలి.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని, ఈ కాలేజీలో చదువుకున్నదాన్ని. అయితే ఇది ప్రసంగం కాదు. నెహెమ్యాను భక్తుడిగా చూసే పని చర్చిలో జరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఒక పని నెత్తికెత్తుకున్న మనిషిగా చూద్దాం. నాయకుడికి అసలు పరీక్ష బయటి శత్రువు వల్ల రాదు, లోపలినుంచి వచ్చే ఫిర్యాదు వల్ల వస్తుంది. నెహెమ్యా కథంతా చదివాక నాకు మిగిలిన మాట ఇదే. ఎందుకో వివరిస్తాను.

కథ క్లుప్తంగా

క్రీ.పూ. 586లో బాబిలోను సైన్యం యెరూషలేమును కూల్చి, చాలామంది ప్రజలను చెరగా తీసుకుపోయింది. తర్వాత పారసీకులు బాబిలోనును జయించి, యూదులను సొంతగడ్డకు పోనిచ్చారు. పోయినవాళ్ళు దేవాలయాన్ని తిరిగి కట్టుకున్నారు గాని, ఊరికి గోడ లేదు. ఆ కాలంలో గోడ లేని ఊరంటే తలుపు లేని ఇల్లు. ఎవరైనా వచ్చి దోచుకోవచ్చు, ఎవరైనా నవ్వవచ్చు.

నెహెమ్యా ఆ ఊళ్ళో లేడు. ఎక్కడో దూరాన, నేటి ఇరాన్‌లోని షూషను కోటలో అర్తహషస్త చక్రవర్తికి పానపాత్ర అందించే ఉద్యోగంలో ఉన్నాడు. మాటకు చిన్న ఉద్యోగంలా కనబడుతుంది గాని, రాజు ప్రాణం చేతిలో ఉన్నవాడన్నమాట. జీతానికీ పరపతికీ లోటు లేదు. అలాంటివాడు క్రీ.పూ. 445లో సెలవు పుచ్చుకుని యెరూషలేముకు వెళ్ళి, 52 రోజుల్లో గోడ పూర్తిచేయించాడు. అక్కడే 12 ఏళ్ళు అధిపతిగా పనిచేశాడు.

ఇది ఉత్త పురాణ కాలక్షేపం కాదు. ఆయన ప్రధాన విరోధి సన్బల్లటు సమరయ ప్రాంతపు పాలకుడు. ఈజిప్టులోని ఎలిఫెంటైన్ ద్వీపంలో దొరికిన క్రీ.పూ. 407 నాటి పపైరస్ ఉత్తరంలో ఆ సన్బల్లటు కొడుకుల ప్రస్తావన ఉంది. కాబట్టి మనం మాట్లాడుకునేది చరిత్రలో కాళ్ళూనిన మనుషులను గురించే.

విన్న వెంటనే పరుగెత్తలేదు

సోదరుడు హనానీ వచ్చి యెరూషలేము దుస్థితి చెప్పినప్పుడు కిస్లేవు మాసం. నెహెమ్యా రాజు ముందు నోరు విప్పింది నీసాను మాసంలో. అంటే నాలుగు నెలలు గడిచాయి. ఈ నాలుగు నెలలూ ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, ప్రార్థించాడు. దాంతోపాటు ఆలోచించాడు కూడా. ఆ సంగతి రాజుతో జరిగిన సంభాషణలోనే బయటపడుతుంది. నీకేం కావాలని రాజు అడిగితే, తడుముకోకుండా చెప్పేశాడు. ఎన్నాళ్ళు సెలవు కావాలో చెప్పాడు. దారిలోని అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు. గుమ్మాలకు దూలాలు కావాలి గనుక రాజుగారి అడవిని చూసే ఆసాపుకు విడిగా ఒక ఉత్తరం కావాలన్నాడు. అధికారి పేరుతో సహా తెలుసుకుని వచ్చాడు!

మరో విషయం గమనించాలి. యెరూషలేము కట్టడాన్ని అంతకుముందు ఆపించింది ఈ అర్తహషస్తే అని ఎజ్రా గ్రంథం చెబుతుంది. తన ఉత్తర్వును తానే మార్చుకోమని రాజును అడగడం ప్రాణాలకు తెగించడమే. భయపడ్డానని నెహెమ్యా దాచకుండా రాసుకున్నాడు. భయం లేనివాడే నాయకుడని మనం అనుకుంటాం. ఈయన భయపడుతూనే, చేతిలో లెక్క పెట్టుకుని అడిగాడు.

మన దగ్గర వినతిపత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. “తక్షణం సమస్యలు పరిష్కరించాలి” అని ఉంటుంది. ఏ సమస్య, ఎన్ని కుళాయిలు, ఏ గది, ఎవరి అధీనంలో ఉంది, ఎంత ఖర్చు అన్నది ఉండదు. అలాంటి కాగితాన్ని పక్కన పెట్టెయ్యడం ఆఫీసువాళ్ళకు మహా సులువు.

రాత్రిపూట తనిఖీ

యెరూషలేము చేరిన మూడు రోజుల దాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక రాత్రి కొద్దిమందిని వెంటబెట్టుకుని, ఒకే ఒక వాహన జంతువుతో, కూలిన గోడ వెంబడి తిరిగాడు. ఒకచోట శిథిలాలు అడ్డం వచ్చి జంతువు నడవడానికి కూడా దారి లేకపోయింది. చుట్టు తిరిగి వచ్చాడు. ఇదంతా అయ్యాకే జనాన్ని పిలిచి, రండి కడదాం అన్నాడు.

మీరు కట్టండి అని ఆయన అనలేదు. మొన్న మొన్న వచ్చినవాడు, రాజోద్యోగి, అయినా ఆ సిగ్గులో తనకూ వాటా ఉందన్నట్టు మాట్లాడాడు. చూసివచ్చినవాడు గనుక ఆ మాటకు బరువు వచ్చింది. హాస్టల్ బాత్‌రూముల గురించి మీటింగులో మాట్లాడేవాళ్ళు వాటిని ఒకసారి చూసివస్తే చాలు, ప్రసంగం సగానికి సగం తగ్గి, పని రెట్టింపవుతుంది.

ఎవరింటి ముందు వాళ్ళు

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని చాలామంది దాటవేస్తారు. అంతా పేర్ల పట్టిక. ఫలానా గుమ్మం నుంచి ఫలానా మూల దాకా ఫలానావాడు, వాడి పక్కన ఫలానావాడు. హాజరుపట్టీలా ఉంటుంది. నాకు మాత్రం గ్రంథమంతటిలో ఎంతో ఇష్టమైన అధ్యాయం ఇది.

ఎందుకంటే కట్టినవాళ్ళలో తాపీవాళ్ళు ఎక్కువమంది కనబడరు. యాజకులు, కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్ళు, వర్తకులు ఉన్నారు. చాలామందికి తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగమే అప్పజెప్పారు. ఇందులోని కిటుకు గమనించారా? తన ఇంటి ముందు గోడను ఎవడూ నాసిగా కట్టుకోడు. కాపలా కాయమని ఎవరూ చెప్పనక్కరలేదు.

తెకోవ అనే ఊరివాళ్ళు వచ్చి పనిచేశారు. వాళ్ళ పెద్దమనుషులు మాత్రం మెడ వంచలేదని నెహెమ్యా రాసిపెట్టాడు. కొంచెం కిందికి పోతే, అదే తెకోవవాళ్ళు రెండో భాగం కూడా కట్టారని ఉంది. పెద్దలు రాకపోతేనేం, మామూలు జనం తమ పనీ చేసి ఇంకొకరి పనీ చేశారు. ఊరి చెత్తంతా పోయే పెంట గుమ్మాన్ని బాగుచేసింది ఎవరో తెలుసా? మల్కీయా అనే ప్రాంతీయాధికారి. ఆ పని నాది కాదని ఆయన అనలేదు.

ఇక మనకు అన్నిటికంటె ముఖ్యమైన వాక్యం. యెరూషలేములో సగభాగానికి అధికారి అయిన షల్లూము తన కుమార్తెలతో కలిసి ఒక భాగం కట్టాడు. ఆడపిల్లలు రాళ్ళు మోశారు. క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దపు ప్రభుత్వ రికార్డులో ఆ సంగతి ఎక్కింది. వాళ్ళ పేర్లు రాయలేదన్న వెలితి నాకుంది. అయినా ఆ ఒక్క ముక్క రాయకపోతే వాళ్ళున్నారని కూడా మనకు తెలిసేది కాదు. ఎవరు ఏం చేశారో రాసిపెట్టడం నాయకుడి పనుల్లో ఒకటి. ఫంక్షన్ అయ్యాక వేదికమీది వాళ్ళ పేర్లే చదివి, కుర్చీలు మోసినవాళ్ళను మరిచిపోయే అలవాటు మనది.

అసలు పరీక్ష

పని సగమయ్యేసరికి బయటి విరోధం ముదిరింది. సన్బల్లటు ఎగతాళి చేశాడు. నక్క ఎక్కితే కూలిపోయే గోడ అని టోబీయా నవ్వాడు. తర్వాత దాడి చేస్తామన్న వార్తలు వచ్చాయి. నెహెమ్యా తన మనుషుల్లో సగంమందిని పనిలో, సగంమందిని ఈటెలతో కాపలాలో పెట్టాడు. బూర ఊదేవాణ్ణి తన పక్కనే ఉంచుకున్నాడు. ఇంతవరకూ ఏ సేనాధిపతి అయినా చెయ్యగలిగేదే.

అయిదో అధ్యాయంలో కథ మలుపు తిరుగుతుంది. కేక లేస్తుంది. శత్రువుల మీద కాదు, సొంతవాళ్ళ మీద. ఆ కేక వేసింది మగవాళ్ళు మాత్రమే కాదు, వాళ్ళ భార్యలు కూడా అని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. వాళ్ళ మొర ఏమిటి? పిల్లలు ఎక్కువమంది, తిండిగింజలు లేవు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టాం. రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశాం. కొడుకుల్ని, కూతుళ్ళను దాస్యానికి పంపవలసి వస్తోంది. మా కూతుళ్ళు కొందరు ఇప్పటికే దాసీలైపోయారు. విడిపించుకుందామంటే పొలాలు మా చేతిలో లేవు.

అప్పిచ్చినవాళ్ళు ఎవరు? అదే ఊరి పెద్దలు, అధికారులు. గోడ కట్టడంలో కలిసివచ్చినవాళ్ళు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. గోడ సగంలో ఉంది. శత్రువు బయట కాచుకుని ఉన్నాడు. ఇలాంటప్పుడు సాధారణ నాయకుడు ఏమంటాడు? “ఇది సమయం కాదమ్మా. ముందు గోడ పూర్తికానివ్వండి. మనలో మనం తగువులాడుకుంటే శత్రువుకు అలుసైపోతాం. మీ సంగతి తర్వాత చూద్దాం” అంటాడు. ఈ మాట మనం ఎన్నిసార్లు వినలేదు? ఇంట్లో విన్నాం, సంఘాల్లో విన్నాం, ఉద్యమాల్లో విన్నాం. ముఖ్యంగా ఆడవాళ్ళు విన్నారు.

నెహెమ్యా ఆ మాట అనలేదు. కోపం తెచ్చుకున్నాడు. వెంటనే నోరు పారేసుకోకుండా తనలో తాను తర్కించుకున్నాడు. తర్వాత పెద్దల మొహం మీదే అడిగాడు. పెద్ద సభ పిలిచి అందరిముందూ నిలదీశాడు. పైగా, తానూ తన వాళ్ళూ కూడా డబ్బు, ధాన్యం అప్పుగా ఇచ్చినవాళ్ళమేనని ఒప్పుకుని, ఇక మనమంతా మానేద్దామన్నాడు. పొలాలు, తోటలు, ఇళ్ళు ఆ రోజే తిరిగి ఇమ్మన్నాడు. పుచ్చుకున్న నూరో వంతు కూడా వాపసు ఇమ్మన్నాడు. అది నెలవారీ వడ్డీ అని పండితులు చాలామంది అంటారు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయి వడ్డీ. ఇస్తామని పెద్దలు ఒప్పుకుంటే అంతటితో నమ్మి ఊరుకోలేదు. యాజకుల్ని పిలిపించి ప్రమాణం చేయించాడు.

వెంటనే మరో సంగతి కూడా చెబుతాడు. తనకు ముందున్న అధిపతులు ప్రజల దగ్గర రొట్టె, ద్రాక్షారసం, 40 తులాల వెండి పుచ్చుకునేవారు. అది వాళ్ళ హక్కే. ఆయన 12 ఏళ్ళలో ఒక్కసారీ అది ముట్టలేదు. తన బల్ల దగ్గర 150 మంది భోంచేసేవారు. రోజూ ఒక ఎద్దు, ఆరు గొర్రెలు, కోళ్ళు ఖర్చయ్యేవి. అయినా జనం మీద భారం అప్పటికే ఎక్కువగా ఉందని ఆ భత్యం అడగలేదు. పొలం ఒక్కటీ కొనలేదు. ఇతరుల్ని అడిగే నోరు ఆయనకు అక్కడినుంచి వచ్చింది.

ఊరి గోడ లేచాక లోపల ఉండేవాళ్ళు దాసీలయితే ఆ గోడ ఎవరికోసం? నెహెమ్యాకు ఈ ప్రశ్న తట్టింది గనుకనే ఆయన మేస్త్రీగా మిగిలిపోక నాయకుడయ్యాడు.

మన వాకిట్లో

ఇదంతా ఎక్కడో యెరూషలేము ముచ్చట అనుకోకండి. మన వాకిట్లోకే వద్దాం.

మన కాలేజీ సింహాల మెట్లు, కొరింథియన్ స్తంభాలు చూసి మురిసిపోతాం. 19వ శతాబ్దం మొదట్లో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనమిది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు దీనిమీద దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్ తర్వాత కాల్పుల్లో చనిపోయాడు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆ దాడి తర్వాత రెసిడెన్సీ ప్రహరీని బురుజులతో గట్టిపరిచారు. జనానికి భయపడి పాలకుడు కట్టుకున్న గోడ అది. యెరూషలేము గోడ జనం తమకోసం తాము కట్టుకున్నది. రెండూ రాళ్ళే అయినా తేడా ఎంతో ఉంది.

అయితే రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు అప్పట్లో నిజాం అధికారంలో కాక రెసిడెంటు అధికారంలో ఉండేవి. 1933లో నిజాంకు తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది. ఇక్కడ సభలకు, సంఘాలకు మిగతా రాజ్యంలో కంటె కాస్త ఊపిరి ఆడేది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి వంటి పెద్దల పూనికతో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది ఈ పేటలోనే. తెలుగువాళ్ళు తమ ఇంటి ముందు కట్టుకున్న మొదటి వరస రాళ్ళు ఆ గ్రంథాలయపు పుస్తకాలు.

హనానీ తెచ్చినటువంటి వార్త మనకు 1921 నవంబరులో వచ్చింది. మహర్షి కార్వే అధ్యక్షతన హైదరాబాదులో సంఘసంస్కార మహాసభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేసి కూర్చోబెట్టారు. మనసు కష్టపెట్టుకున్న పదిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో కూడి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. అందులో ముందునుంచీ కార్యదర్శిగా భారం మోసినవారు మాడపాటి హనుమంతరావుగారు.

మాడపాటివారి పద్ధతి చూస్తే నాకు నెహెమ్యా గుర్తుకొస్తాడు. అవమానానికి బదులు అవమానం చేద్దామని ఆయన అనలేదు. గ్రంథాలయాలు, పాఠశాలలు, తాళపత్రాల సేకరణ అంటూ పనుల జాబితా వేసుకున్నారు. భాష పేరున మొదలైన సంఘం వెట్టిచాకిరీ దాకా వచ్చింది. వెట్టి చెల్లదని సర్కారే అప్పటికి జారీచేసి మూలపడేసిన ఉత్తర్వులను వెతికి, తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి జనానికి అందించారు. వెట్టి చేయించుకునే దొరలూ తెలుగువాళ్ళే కదా, భాషోద్యమంలో ఈ గొడవ ఎందుకని ఊరుకోలేదు. అయిదో అధ్యాయమంటే ఇదే.

1928లో ఆయన తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు పాఠశాల పెట్టినప్పుడు, బోధన ఉర్దూలో కాదు గనుక ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని అనుబంధం చేశారు. తెలుగుకు అవమానం జరిగిన సభకు అధ్యక్షత వహించిన కార్వేగారి విశ్వవిద్యాలయమే తెలుగు ఆడపిల్లల చదువుకు దారి ఇచ్చింది! మనసులో కక్ష పెట్టుకునేవారయితే ఆ తలుపు తట్టేవారు కాదు. ఆయన 1951లో హైదరాబాదుకు మొదటి మేయరయ్యారు. నారాయణగూడలో ఆయన పేరుతో ఆ పాఠశాల నిలిచింది.

మాడపాటివారిది మితవాదం. అది చాలదని తర్వాతి తరం అన్నది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1940ల్లో ఆ మహాసభ రావి నారాయణరెడ్డిగారి వంటివారి నాయకత్వంలోకి వచ్చి ఊరూరా ‘సంఘం’ అయింది. ఆ సంఘం అండతోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పొలాన్ని, పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు వదలనని నిలబడింది. 1924లో ఏర్పడి, 1949లో ఈ భవనంలోకి వచ్చిన మన కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, తర్వాత ఆమె పేరే పెట్టుకుంది. పొలం పోతోందని కేక వేసిన యెరూషలేము ఆడవాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఆ కేకే వేసిన మన ఐలమ్మ పేరు మన గేటు మీదే ఉంది. యూనియన్ పని మొదలుపెట్టేవాళ్ళు రోజూ ఆ పేరు కింది నుంచే లోపలికి వస్తారు.

ఓనో మైదానం

గోడ పూర్తికావస్తుండగా విరోధులు ఎత్తు మార్చారు. ఓనో మైదానంలో కలుసుకుని మాట్లాడుకుందాం రమ్మని కబురుపెట్టారు. నాలుగుసార్లు పిలిచారు. పెద్ద పనిలో ఉన్నాను, దిగిరాలేనని నాలుగుసార్లూ ఒకటే జవాబు చెప్పాడు. అయిదోసారి, ఈయన రాజు కావాలని చూస్తున్నాడంటూ మూయని ఉత్తరం పంపారు. మూయని ఉత్తరమంటే దారిపొడుగునా అందరూ చదువుకోవాలని. ఇప్పుడయితే వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. నువ్వు కల్పించినవే తప్ప ఇందులో ఏమీ నిజం కాదని ఒక్క ముక్కలో జవాబిచ్చి, మళ్ళీ పనిలో పడ్డాడు.

ప్రాణభయముంది, దేవాలయంలో దాక్కోమని సలహా చెప్పినవాడు ఒకడున్నాడు. వాడు కూలికి వచ్చినవాడని నెహెమ్యా కనిపెట్టాడు. తనకు మాత్రమే పనికొచ్చే రక్షణ ఆయన పుచ్చుకోలేదు. గోడ ఏలూలు మాసం 25న పూర్తయింది.

ఆయన లోపం కూడా చెప్పుకోవాలి

గోడ అయ్యాక ఎజ్రా నీటి గుమ్మం దగ్గర ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. పురుషులు, స్త్రీలు అందరూ విన్నారు. చదవడంతో సరిపెట్టక అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు. ఇంతవరకూ బాగుంది. నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్ళి కొంతకాలానికి తిరిగివచ్చేసరికి పరిస్థితి చెడింది. దేవాలయంలో టోబీయాకు ఒక గది ఇచ్చేశారు. సేవచేసే లేవీయులకు ఇవ్వవలసింది ఇవ్వక, వాళ్ళు పొలాలకు పోయారు. నెహెమ్యా టోబీయా సామాను బయట పారేయించాడు, లేవీయులకు రావలసింది ఇప్పించాడు.

ఆపైన అన్యజాతి స్త్రీలను పెళ్ళాడినవాళ్ళ మీద పడ్డాడు. తిట్టాడు, కొట్టాడు, జుట్టు పీకాడు. తన చేతులతోనే రాసుకున్నాడు. తన జనం భాష, ఆచారం చెదిరిపోతాయన్న భయం ఆయనది. ఆ భయం మనకు అర్థమవుతుంది. కాని ఆ భార్యల మొర గ్రంథంలో ఎక్కడా లేదు. అయిదో అధ్యాయంలో ఆడవాళ్ళ కేక విన్న ఆ చెవులకే పదమూడో అధ్యాయంలో వీళ్ళ మాట వినపడలేదు. అదే బైబిల్లో మోయాబు దేశపు పిల్ల రూతు దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. బైబిలు తనకు తానే ఇచ్చుకున్న జవాబు అది అని నా అభిప్రాయం.

ఇది చెప్పకుండా దాటవేస్తే ఆయనను గౌరవించినట్టు కాదు. ఎంత మంచి నాయకుడైనా ఎవరిని తనవాళ్ళనుకుంటాడో వాళ్ళ మొరే వింటాడు. ఆ గీత ఎక్కడ గీసుకున్నాడన్నది మనం కనిపెట్టి ఉండాలి. మన సంగతే చూడండి. హాస్టల్లో ఉండేవాళ్ళు, రోజూ బస్సులో వచ్చేవాళ్ళు, ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం, ఉర్దూ మీడియం అని మనలోనూ గీతలున్నాయి. గెలిపించిన గ్రూపు మొరే యూనియన్‌కు వినబడితే పదమూడో అధ్యాయం మన దగ్గర కూడా మొదలైనట్టే.

యూనియన్ తల్లులకు నాలుగు మాటలు

ఎన్నికైన మొదటి వారంలో స్పీచ్ వద్దు. నలుగురు కలిసి క్యాంపస్ అంతా, చీకటి పడ్డాక కూడా, ఒకసారి తిరిగిరండి. ఏ దీపం వెలగదో, ఏ కుళాయి రాదో కాగితం మీద రాసుకోండి. అధికారి దగ్గరికి ఆ కాగితంతో వెళ్ళండి.

పనులు పంచేటప్పుడు ఎవరి ఇంటి ముందు భాగం వారికి ఇవ్వండి. లైబ్రరీలో ఎక్కువ కూర్చునేవాళ్ళకు లైబ్రరీ, మెస్సులో తినేవాళ్ళకు మెస్సు. చేసినవాళ్ళ పేర్లు నోటీసుబోర్డు మీద పెట్టండి. పెంట గుమ్మం పని ప్రెసిడెంటు తీసుకుంటే మరీ మంచిది.

మీకు హక్కుగా వచ్చేది కూడా ఎంత తీసుకున్నారో లెక్క రాసి అందరికీ చూపండి. కల్చరల్ ప్రోగ్రాం ఖర్చు, టీ ఖర్చు, ఆటో ఖర్చు, అన్నీ. లెక్క చూపించినవాళ్ళకే ఇతరుల్ని లెక్క అడిగే నోరుంటుంది.

చివరిది, అన్నిటికంటె కష్టమైనది. ఏదో ఒక రోజు, ఫంక్షన్ రేపనగా, ఉద్యమం ఊపుమీద ఉండగా, ఒక జూనియరు పిల్ల మీ దగ్గరికి వస్తుంది. మీ సొంత గ్రూపు మనిషి మీదే ఫిర్యాదు తెస్తుంది. “ఇప్పుడు కాదమ్మా” అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఆ మాట అనకండి. పని కాసేపు ఆగితే ఆగనివ్వండి, ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పేది వినండి. నెహెమ్యా పని ఆపి విన్నాడు. అయినా గోడ 52 రోజుల్లోనే పూర్తయింది.